క్యోటో భోజనానికి వెళ్ళే ముందు

చి.ల.సౌ. చిట్టికి, కాకినాడ నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఇరవై నిమిషాలు స్వెట్టర్లు, కందిపొడి, పెట్టె బరువు. మిగతా పది నిమిషాలూ నువ్వుంటున్న జపాన్‌లో, క్యోటోలో పెట్టించబోయే కైసెకి విందు, అదే ఒక్కొక్క వంటకమే వరసగా వడ్డించే వాళ్ళ సంప్రదాయ భోజనం. "మనిషికి ఎంతవుతుందే అంటే చెప్పదు, నువ్వు రామ్మా చాలు అంటుంది" అని మురిసిపోయింది. నాకూ కళ్ళు చెమర్చాయి. చారులో ఉప్పెక్కువైందని అలిగి మంచం కింద దూరిన పిల్లవి, అమ్మానాన్నలకి క్యోటోలో విందు ఇచ్చేంతదానివయ్యావు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను, అసలుది మొదలెడితే ఇవి మర్చిపోతాను.

టైముకి వెళ్ళండి. ఆలస్యమయ్యేలా ఉంటే ఫోన్ చెయ్యి. మానుకోవాలంటే కొన్ని రోజుల ముందే చెప్పు, ఆ పూట చెప్తే మొత్తం బిల్లు కట్టమంటారు. అడగడంలో తప్పూ లేదు, మీ ముగ్గురి కోసం పొద్దున్నే మార్కెట్లో కొన్నవి ఇంకెవరికి పెడతారు? టిప్పు ఇవ్వకు, వెనకాలే పరిగెత్తుకొచ్చి తిరిగిచ్చేస్తారు. బిల్లులో సర్వీసు చార్జి, 10 శాతం పన్ను పైన కలుస్తాయి. రాత్రిపూటైతే మనిషికి 20,000 యెన్‌లు దాటడం మామూలే, మధ్యాహ్నం తక్కువ. పాత చోట్ల కొన్ని కార్డు తీసుకోవు, నోట్లు ఉంచుకో.

మేజోళ్ళు. గుమ్మంలోనే చెప్పులు విప్పాలి, ఆ తర్వాత అంతా తతామి చాపలే. వట్టికాళ్ళతో తిరగడం మనకి శుభ్రత, అలాంటి చోట వాళ్ళకి మోటు. మీ అమ్మ వట్టికాళ్ళకి చెప్పులేసుకునే బయల్దేరుతుంది, నాకు తెలుసు. నీ బ్యాగులో కొత్త తెల్ల మేజోళ్ళు రెండు జతలు పెట్టుకో. పల్చటివి కొనకు, మెట్టెలు తగిలి చిరుగుతాయి. మీ నాన్నగారివి ముందురోజు రాత్రి నువ్వే చూడు. మా మరిదిగారి బొటనవేలు ఎప్పుడూ బయటికి తొంగిచూస్తూనే ఉంటుంది, ఈ మాట ఆయనతో అనకు. గదికీ గదికీ మధ్య చెక్క గుమ్మాన్ని, చాపల అంచు గుడ్డనీ తొక్కకుండా దాటమను. గడప తొక్కకూడదని మనకి ఎలాగూ ఉంది కాబట్టి ఒక్కసారి చెప్తే చాలు.

మీ అమ్మ మోకాళ్ళు రెండు గంటలు మడవలేవు. కుర్చీలున్న గది గానీ, బల్ల కింద కాళ్ళు దించుకునే గుంట ఉన్న గది గానీ కావాలని ఇప్పుడే అడుగు. ఆ గుంటని హొరిగొతాత్సు అంటారు.

గాజులు తియ్యమంటే అది తియ్యదు. మోచేతి వైపుకి జరిపి, పైన చేతిరుమాలు కట్టు. వాళ్ళ నల్లటి ఉరుషి పూత గిన్నెల మీద గీత పడిందంటే పోదు. కొన్ని తరాల నుంచి వాడుతున్నవి కూడా ఉంటాయి. సెంటు వద్దు, సంపెంగ నూనె అసలే వద్దు. గిన్నె మూత తీయగానే వచ్చే వాసన కోసమే ఆ వంటవాళ్ళు చచ్చీచెడీ పనిచేస్తారు, దాని మీద మన సంపెంగ పడితే అంతా పోయినట్టే. ఆ మూత ఒక్కోసారి బిగుసుకుపోతుంది. లాగకు. గిన్నె అంచుల్ని రెండువైపులా వేళ్ళతో మెల్లగా నొక్కు, గాలి దూరి అదే వదులుతుంది.

మనింట్లో కంచం ఎత్తుకుని తింటే వీపు మీద ఒకటి పడేది. అక్కడ చిన్న గిన్నెని చేతిలోకి ఎత్తుకోకపోతేనే తప్పు. తినే పుల్లల్ని అన్నంలో నిలబెట్టవద్దని, పుల్లతో పుల్లకి ముక్క అందివ్వవద్దని మీ నాన్నగారికి చెప్పు. ఎందుకని అడుగుతారు. మొదటిది చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నం, రెండోది దహనం అయ్యాక అస్థికలు ఏరేటప్పుడు చేసే పని అని చెప్పు. పిండాలు పెట్టిన చెయ్యి, వెంటనే అర్థమవుతుంది.

ఆయనకి ఇంకో కంగారు వస్తుంది చూడు. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, అన్నం జాడ ఉండదు. అన్నం, మీసో అనే సోయా ముద్దతో చేసే సూపు, ఊరగాయ ముక్కలు అన్నీ కలిసి చివర్లో వస్తాయి. అవి వచ్చాయంటే విందు ముగుస్తున్నట్టు. తేనీటి వేడుకలో పెట్టే పాత పద్ధతి కైసెకిలో మాత్రం అన్నం ముందే వస్తుంది. రెంటినీ పలకడం ఒకటే, రాత వేరు. పాతదాన్ని రాసే అక్షరాలకి అర్థం ఎద దగ్గర బట్టలో రాయి. ఆకలేస్తే జెన్ సన్యాసులు వేడి రాయి బట్టల్లో పెట్టుకుని కడుపుకి ఆనించుకునేవారట. పదహారో శతాబ్దంలో సెన్ నో రిక్యూ తీర్చిదిద్దిన తేనీటి వేడుకలో భోజనమంటే ఒక సూపు, మూడు వంటకాలు, అంతే. ఆ కాసింత తిండి ఇవాళ ఇన్ని వేల యెన్‌లైంది.

మధ్యలో హస్సున్ అని ఒక పళ్ళెం వస్తుంది, జానెడు కంటే కాస్త ఎక్కువ, నలుచదరం. ఋతువంతా అందులోనే పెడతారు. మీరు వెళ్ళేది నవంబర్లో కాబట్టి ఎర్ర మేపుల్ ఆకు, గింగ్కో గింజలు, చిలగడదుంపని ఆకులా కోసినది. వెంటనే తినెయ్యొద్దు, ఒక్క నిమిషం చూడండి. చూశాక మాట్లాడకుండా ఉండలేదు మీ అమ్మ, మాట్లాడనీ.

ఇక అసలు సంగతి.

1997 నవంబర్లో మీ అమ్మమ్మ మా దగ్గరికి, జపాన్‌లో అప్పుడు మేం కాపురమున్న కోబెకి వచ్చింది. భూకంపం జరిగి మూడేళ్ళు కావస్తోంది, తాత్కాలిక ఇళ్ళల్లో జనం ఇంకా ఉన్నారు. అప్పటి పేపర్లో కూలిన రోడ్ల ఫోటోలు చూసినప్పటి నుంచీ నన్ను కళ్ళారా చూస్తే గానీ నమ్మనని కూర్చుంది, చివరికి వచ్చింది. దానికోసం ఏదైనా పెద్దది చెయ్యాలని నా ఆరాటం. మీ పెదనాన్న ఆఫీసులో పైఅధికారి ఒకాయన క్యోటోలో ఒక పాత కైసెకి ఇంటికి మాట సాయం చేశారు. తెలిసినవాళ్ళు చెప్తే తప్ప కొత్త మొహాల్ని లోపలికి రానివ్వని చోటు అది. నేనే ఫోన్ చేశాను. మాంసం తినరు, చేప తినరు, గుడ్డు తినరు అని చెప్పాను. అవతలి ఆవిడ ఓపిగ్గా అన్నిటికీ హాయ్, హాయ్ అంది, అంటే సరే సరే అని. దాషి సంగతి నా నాలుక చివర ఉంది. అడగలేదు.

తెలియక కాదే చిట్టీ. అప్పటికి తొమ్మిదేళ్ళు అక్కడ కాపురం చేసినదాన్ని. మన వంటకి నీళ్ళెంతో వాళ్ళ వంటకి దాషి అంత. కొంబు అనే సముద్రపు నాచుని నీళ్ళలో నానబెట్టి, మెల్లగా వేడిచేసి, మరిగేలోపు తీసేస్తారు. తర్వాత కత్సువోబుషి వేస్తారు. అది ట్యూనా జాతి చేపని ఉడికించి, పొగబెట్టి, కొయ్యలా గట్టిపడేదాకా ఎండబెట్టినది. తిరగేసిన చిత్రికలాంటి పెట్టె మీద దాన్ని గీస్తే పెన్సిలు చెక్కినప్పుడు రాలే పొట్టులా పల్చటి రేకులు వస్తాయి. నీళ్ళలో వేసి, వడకట్టేస్తే చేప ఎక్కడా కనపడదు. కూరల్లో అదే, ఆకుకూర మీద చల్లే పులుసులో అదే, సూపు అంటే అసలదే. నా వంటింట్లో వట్టి కొంబుతోనే కానిచ్చేదాన్ని. కానీ ఆ పెద్ద ఇంటికి ఫోన్ చేసి, మీ దాషి మార్చండి అనడానికి నోరు రాలేదు. పెద్దాయన మాట మీద దొరికిన చోటు, మళ్ళీ ఇన్ని షరతులా అనుకుంటారని మొహమాటం. చేప ముక్క కంచంలో ఉండదు కదా, చాల్లే అనుకున్నాను.

నల్లటి గిన్నె, మూత లోపల బంగారు రంగు మేపుల్ ఆకులు, వాటి మీద ఆవిరి చుక్కలు. లోపల నీళ్ళంత తేటగా సూపు, మధ్యలో నువ్వులతో చేసిన తోఫు ముక్క, పైన గోరంత యుజు తొక్క. మన నారదబ్బ తొక్క గిల్లితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది. అమ్మ రెండు చేతులతో ఎత్తుకుని ఒక గుక్క తాగింది. కళ్ళు మూసుకుంది. "ఏమే, చింతపండు లేదు, పోపు లేదు, ఇంత రుచి ఎక్కడిదే దీనికి?" అంది. వడ్డించే ఆవిడ, నకాయ్ అంటారు వాళ్ళని, ఏమన్నారని నన్ను అడిగింది. చెప్పాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, రిషిరి దీవి కొంబు అండీ, కత్సువోబుషి వడ్డనకి ముందే గీశాము అని వివరంగా చెప్పింది. ఏమంటోందని అమ్మ అడిగింది.

"సముద్రపు నాచుతో చేశారట" అన్నాను.

గిన్నె ఖాళీ చేసింది. చేపలు వండే ఇంట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోని మనిషి, సామర్లకోట స్టేషన్లో టీ కప్పుకి నీచు వాసన వేసిందని రైలెక్కేదాకా నోరు కడుక్కున్న మనిషి. ఆ తర్వాత వచ్చినవన్నీ కూడా తింది. నేను ఏం తిన్నానో నాకు గుర్తులేదు.

ఇంటికెళ్ళాక వీధి వీధంతా చెప్పుకుంది. క్యోటో చారు, క్యోటో చారు. పెసరకట్టుతో చేసింది, మునగాకు కాచిన నీళ్ళతో చేసింది. నేను కొంబు పొట్లాలు పంపిస్తే దాంతో చేసింది. "నా చెయ్యి తిరగలేదే, ఏదో తక్కువైంది" అనేది. ఏం తక్కువైందో నాకు తెలుసు. 2009లో వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో పక్కన కూర్చున్న పదకొండు రాత్రుల్లో ఒక్క రాత్రైనా చెప్పి ఉండాల్సింది.

నిన్న మీ అమ్మ ఫోన్ పెట్టేసే ముందు ఏమందో తెలుసా? "అమ్మ తాగిన చారు నేనూ తాగుతాను అక్కా." నువ్వు ఈ విందు ఎందుకు తలపెట్టావో అప్పుడు అర్థమైంది. అమ్మమ్మ కథ వింటూ పెరిగినదానివి కదా.

అందుకని, ఈ ఉత్తరం చదవగానే ఆ రెస్టారెంటుకి ఫోన్ చెయ్యి. ఆన్‌లైన్ ఫారంలో వెజిటేరియన్ అని టిక్ పెట్టి ఊరుకోవద్దు, ఆ మాటకి చేపతో తీసిన దాషి అడ్డం కాదనుకునేవాళ్ళు ఉన్నారు. నీ జపనీస్ నాకంటే నయం. చేప, మాంసం, గుడ్డు అన్నాక ఆగిపోకు. కత్సువో దాషి కూడా వద్దు, కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో తీసిన దాషితో మొత్తం చెయ్యగలరా అని అడుగు. మీసో సూపు, నంజుకోవడానికిచ్చే సాస్‌తో సహా అని చెప్పు. "కష్టమండీ" అన్నారంటే అది కుదరదని. బతిమాలకు, కోపం తెచ్చుకోకు, థాంక్స్ చెప్పి పెట్టెయ్యి. వాళ్ళ వంటంతా ఆ దాషి మీద కట్టినదే, మనకోసం పునాది తవ్వమనడం న్యాయం కాదు.

అప్పుడు షోజిన్ ర్యోరికి తీసుకెళ్ళు. బౌద్ధ మఠాల భోజనం అది. నీచు ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు. కార్తీకమాసంలో మీ అమ్మకి ఇంతకంటే ఏం కావాలి? క్యోటోలోనే అరషియామాలో, తెన్‌ర్యూజీ గుడి ఆవరణలోనే షిగెత్సు అని ఒక భోజనశాల ఉంది, మధ్యాహ్నం పెడతారు, ఎర్ర గిన్నెల్లో. అక్కడ కింద కూర్చోవాలి, మోకాళ్ళ సంగతి ముందే అడుగు. భోజనమయ్యాక తోట చూపించు. సోమవారం పెట్టకు, అది ఉపవాసం మానదు, నక్షత్రం చూసేదాకా నీ డబ్బులు దండగ.

కైసెకికి నువ్వు జూలైలో స్నేహితులతో వెళ్ళు. నువ్వు చేప తింటావని నాకు తెలుసులే, మీ అమ్మకి నేను చెప్పలేదు. క్యోటోలో గియోన్ పండగ రోజుల్లో హామో అనే పాములాంటి చేప పెడతారు. దాని సన్నటి ముళ్ళు తియ్యలేక, అంగుళానికి ఇరవై గాట్లకి పైగా పెడతారు, తోలు తెగకుండా. వంటవాడి ఎదురుగా కూర్చుంటే ఆ కత్తి చప్పుడు వినపడుతుంది. నేను తినను గానీ విన్నాను.

మీ అమ్మకి నువ్వేం చెప్పకు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నేనే ఫోన్ చేసి చెప్తాను, నీకప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. కోప్పడుతుంది. అమ్మకి అంత పని చేశావా అంటుంది, నాలుగు రోజులు నా ఫోన్ ఎత్తదు. ఒక గంట ఆగి నువ్వు దానికి ఫోన్ చేసి మేజోళ్ళ గురించి మాట్లాడు. ఎలా ఉందో నాకు మెసేజ్ పెట్టు.

పెద్దమ్మ