కడుపునొప్పి కేసులంటే భయం.. ఎమర్జెన్సీ మెడిసిన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: ప్రభుత్వ మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌ని. వచ్చే నెల క్యాజువాలిటీ పోస్టింగ్. రాత్రిపూట కడుపునొప్పితో వచ్చేవాళ్లలో ఎవరిది గ్యాసో, ఎవరిది ఆపరేషన్ కేసో తేల్చుకోలేనేమోనని భయంగా ఉంది. పీజీలో ఎమర్జెన్సీ మెడిసిన్ చేయాలని ఆశ. ఈ బ్రాంచి నాకు సరిపడుతుందా?

జవాబు: భయం ఉన్నంత మాత్రాన సరిపడదనుకోకండి. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. జబ్బు పేరు తేలకుండానే రోగిని వార్డుకో, థియేటర్‌కో, ఇంటికో పంపే నిర్ణయం మీరు తీసుకోగలరా? కడుపునొప్పి కేసుల్లో చాలావాటికి క్యాజువాలిటీలో కచ్చితమైన డయాగ్నసిస్ రాదు. పేరు తేలేదాకా మనసు ఊరుకోదంటే జనరల్ మెడిసిన్, పొట్ట తెరిచి చూస్తేనే తృప్తి అంటే సర్జరీ మీకు నయం. ఆగలేని కేసును ముందు పసిగట్టడం నచ్చితే ఎమర్జెన్సీ మెడిసిన్. ఇది తేల్చుకోవడానికి మీ పోస్టింగే మంచి అవకాశం.

కేస్ షీట్ రాయడానికి ముందు రోగి ఎలా పడుకున్నాడో చూడండి. కిడ్నీ రాయి నొప్పి ఉన్నవాడు మంచం మీద దొర్లుతుంటాడు, ఒక్కచోట నిలవడు. పేగుకో జీర్ణాశయానికో చిల్లు పడినవాడు కాళ్లు ముడుచుకుని కదలకుండా, పైపైనే ఊపిరి తీస్తూ ఉంటాడు. ‘ఒకసారి దగ్గండి’ అంటే మొహం చిట్లించి పొట్ట పట్టుకుంటాడు. నొప్పి ఎప్పుడు మొదలైందంటే ‘నాలుగింటికి, పాలు పితుకుతుంటే’ అని టైముతో సహా చెప్పాడంటే పెర్ఫొరేషన్‌ను (చిల్లు పడటాన్ని) అనుమానించాలి. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో కొన్న మాత్రలు రోజూ వేసుకుంటున్నాడేమో తప్పక అడగండి, జీర్ణాశయానికి చిల్లు పడటానికి అవీ కారణం కావచ్చు.

పల్స్, బీపీ, శ్వాస, ఆక్సిజన్, టెంపరేచర్ చూస్తూనే రెండు చేతులకూ 18జీ క్యాన్యులాలు (సిరలోకి మందు ఎక్కించే గొట్టాలు) పెట్టించండి, బీపీ పడిపోయి షాక్‌లో ఉంటే ఇంకా లావైన 16జీ. అప్పుడే రక్తం తీసి గ్రూపింగ్, క్రాస్ మ్యాచింగ్‌కు పంపండి. నోటి ద్వారా ఏమీ ఇవ్వొద్దు. వాంతులతో పొట్ట ఉబ్బి ఉంటే ముక్కులోంచి జీర్ణాశయంలోకి 16 ఫ్రెంచ్ సైజు రైల్స్ ట్యూబ్, మూత్రం కొలవడానికి ఫోలీస్ గొట్టం. గంటకు కిలోకు అర మిల్లీలీటరు మూత్రం రావడం లేదంటే ఫ్లూయిడ్ చాలడం లేదేమో చూడాలి. అలాగని సీసా మీద సీసా ఎక్కించడమూ తప్పే. ప్యాంక్రియాటైటిస్‌లో (క్లోమం వాపులో) ధారాళంగా ఎక్కిస్తే ఒంట్లో నీరు మితిమీరే ప్రమాదం పెరుగుతుందని 2022లో వచ్చిన వాటర్‌ఫాల్ ట్రయల్ తేల్చింది.

మంచం పక్కన చేసే మూడు పరీక్షలు మర్చిపోవద్దు. షుగర్ పరీక్ష: షుగర్ బాగా పెరిగి రక్తంలో ఆమ్లాలు చేరే కీటోఅసిడోసిస్ అచ్చం పొట్టలో సర్జరీ కేసులాగే కనిపిస్తుంది. ఈసీజీ: పైపొట్ట నొప్పి అన్నవాడికి ఇన్ఫీరియర్ వాల్ ఇన్‌ఫార్క్షన్ (గుండె కింది భాగంలో గుండెపోటు) ఉండొచ్చు, వాడికి గ్యాస్‌కిచ్చే ప్యాంటాప్ ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టడం మన క్యాజువాలిటీల్లో పాత జబ్బు. పిల్లలు పుట్టే వయసు స్త్రీలందరికీ యూరిన్ ప్రెగ్నెన్సీ టెస్ట్. పెళ్లి కాలేదన్నా, పీరియడ్స్ సరిగ్గా వచ్చాయన్నా ఆ మాట మీద వదిలేయకండి. టెస్ట్ పాజిటివ్ వచ్చి, అల్ట్రాసౌండ్‌లో లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య ద్రవం కనిపించి, బీపీ పడిపోతుంటే రప్చర్డ్ ఎక్టోపిక్ (గర్భసంచి బయట పెరిగి పగిలిన గర్భం) అనుకుని గైనిక్ వాళ్లను పిలిచి థియేటర్‌కు పంపాలి. సీటీ కోసం ఆగకూడదు.

ఎరెక్ట్ చెస్ట్ ఎక్స్‌రే తీసే ముందు రోగిని ఐదు పది నిమిషాలు నిటారుగా కూర్చోబెట్టాలి, చిల్లులోంచి బయటపడ్డ గాలి డయాఫ్రం కిందికి చేరడానికి. ఆ కాస్త ఓపిక పట్టకుండా ట్రాలీ నుంచి లేపి వెంటనే తీస్తే నెగటివ్ రావచ్చు. సరిగ్గా తీసినా కొన్ని పెర్ఫొరేషన్లలో గాలి కనపడదు కాబట్టి ఎక్స్‌రే బాగుందని పొట్ట గట్టిగా ఉన్నవాణ్ని ఇంటికి పంపొద్దు. వృద్ధుల్లో, స్టెరాయిడ్లు వాడేవారిలో ఆ గట్టిదనమూ ఉండకపోవచ్చు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారికి పల్స్ పెరగకపోవచ్చు. నాడి అస్తవ్యస్తంగా కొట్టుకుంటున్న వృద్ధుడు నొప్పితో విలవిల్లాడుతున్నా పొట్ట మెత్తగానే ఉంటే పేగుకు రక్తం ఆగిందేమో చూడాలి. రక్తంలో లాక్టేట్ పరీక్ష నార్మల్ అని నిశ్చింతపడొద్దు. మగపిల్లలకు లంగోటా విప్పి వృషణాలు చూడండి. టార్షన్ (వృషణం మెలిపడటం) అయితే ఆరు గంటలు దాటేకొద్దీ దాన్ని కాపాడే అవకాశం తగ్గిపోతుంది. హెర్నియా చోట్లూ అప్పుడే చూసేయండి.

మన పల్లెల నుంచి వచ్చే ఒక కేసును పాఠంగా గట్టిగా చెప్పరు. నేల మీద పడుకుని తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచినవాడు. కాటు గుర్తు ఉండదు, రక్తం గడ్డకడుతోందో లేదో చూసే 20 నిమిషాల క్లాటింగ్ పరీక్ష నార్మల్. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది. అది కట్లపాము కాటు. గ్యాస్ అని పంపేస్తే దారిలోనే ఊపిరి ఆగిపోవచ్చు.

నొప్పి తగ్గిస్తే జబ్బు కప్పబడిపోతుందని సీనియర్లు ఇంకా అంటుంటారు. తగిన మోతాదులో మార్ఫిన్ లాంటి ఓపియాయిడ్ ఇచ్చినా డయాగ్నసిస్ తప్పులు పెరగవని అధ్యయనాలు చెప్తున్నాయి. పారాసిటమాల్ 1 గ్రాము, చాలకపోతే మార్ఫిన్ కిలోకు 0.1 మిల్లీగ్రామ్, నెమ్మదిగా సిరలోకి, బీపీ చూసుకుంటూ.

సర్జన్‌కు ఫోన్ చేయడమూ నేర్చుకోవాల్సిన విద్యే. ‘సార్, కడుపునొప్పి కేసు, ఒకసారి రండి’ అంటే ఎవరూ పరుగెత్తుకు రారు. ‘45 ఏళ్ల మగవారు, ఉదయం 4 నుంచి నొప్పి, పొట్ట రిజిడ్, పల్స్ 124, బీపీ 90/60, ఎక్స్‌రేలో ఫ్రీ ఎయిర్, లీటరు ఆర్‌ఎల్ ఫ్లూయిడ్ నడుస్తోంది, సెఫ్ట్రియాక్సోన్, మెట్రోనిడజోల్ యాంటీబయాటిక్స్ ఇచ్చాం’ అనండి, వస్తారు. ఫోన్ చేసిన టైము కేస్ షీట్‌లో రాయండి.

ఇక కోర్సు. 2009లో అప్పటి ఎంసీఐ (మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) ఎమర్జెన్సీ మెడిసిన్‌ను ప్రత్యేక బ్రాంచిగా గుర్తించింది. ఎండీ అయినా డీఎన్‌బీ అయినా మూడేళ్లు, రెండింట్లోనూ ఎక్కువ సీట్లు నీట్ పీజీ ర్యాంకుతోనే. కార్పొరేట్ ఆస్పత్రులు నడిపే ఎంఈఎం (మాస్టర్స్ ఇన్ ఎమర్జెన్సీ మెడిసిన్) కోర్సుకు ఎంసీఐ స్థానంలో వచ్చిన ఎన్‌ఎంసీ (నేషనల్ మెడికల్ కమిషన్) గుర్తింపు లేదు, పేరు చూసి పొరబడొద్దు. పని నేర్పుతుందేమో గానీ స్పెషలిస్టు రిజిస్ట్రేషన్ రాదు, అధ్యాపక పోస్టుకూ పనికిరాదు. సీటు ఎంచుకునే ముందు అక్కడి రెసిడెంట్లను మూడు విషయాలు అడగండి: రాత్రి సీటీ నడుస్తుందా, డిపార్ట్‌మెంట్‌కు సొంత అల్ట్రాసౌండ్ మెషిన్ ఉందా, సీరియస్ కేసు వస్తే శ్వాసనాళంలో ట్యూబ్ వేసేది మీరా, అనస్థీషియా వాళ్లా.