జన్యుమార్పిడి గింజను గుర్తించే ల్యాబ్ కొలువు: ఏ చదువు, ఏ దారి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం దగ్గర పల్లె. పత్తి, మొక్కజొన్న వేస్తాం. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ పాసైంది. తిండి గింజల్లో జన్యుమార్పిడి ఉందో లేదో పరీక్షించే ల్యాబ్‌లో చేరతానని పట్టుబడుతోంది. ఏం చదివించాలి? ఆ చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా?

జవాబు: అయ్యా, మీ అమ్మాయి కోరుకుంటున్న పని నిజంగా ఉన్నదే, అవసరమైనదే. మన రైతులు చట్టబద్ధంగా సాగు చేస్తున్న జన్యుమార్పిడి పంట 2002లో అనుమతి పొందిన, బీటీ అనే బ్యాక్టీరియా జన్యువుతో పురుగును తట్టుకునే బీటీ పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010లో కేంద్రం నిలిపివేసింది. జన్యుమార్పిడి ఆవాల వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. తిండి పంటల సాగు ఇలా ఆగి ఉన్నందువల్లనే సరుకులో అవి కలవలేదని రుజువు చూపవలసి వస్తోంది. 24 ఆహార పంటల దిగుమతులకు జన్యుమార్పిడి లేదన్న ధ్రువపత్రం జతచేయాలని, పొరపాటున కలిసినా 1 శాతం దాటకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నిబంధన 2021 మార్చి నుంచి అమల్లో ఉంది. ఇక మీ జిల్లా సంగతి మీకు చెప్పనక్కరలేదు. గడ్డి మందు కొట్టినా చావని పత్తి విత్తనం అనుమతి లేకుండానే రాయగడ పొలాల్లోకి వచ్చింది. పత్తి గింజ నుంచే వంటనూనె, పశువుల చెక్క వస్తాయి కనుక అది తిండికి సంబంధం లేని విషయమని అనుకోవడానికి వీల్లేదు.

పని ఎలా ఉంటుందో మీ అమ్మాయికి ముందే తెలియాలి. పొలంలో చేసే పరీక్ష సులువు: ఆకు ముక్కను చిన్న గొట్టంలో ద్రావణం పోసి నలిపి, అందులో కాగితపు పట్టీ ముంచితే, బీటీ ప్రొటీన్ ఉన్నప్పుడు కొద్ది నిమిషాల్లో రెండు గీతలు కనబడతాయి. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ ఇలాంటి కిట్లను రూపొందించింది. ల్యాబ్‌లో మాత్రం గింజను పొడి చేసి, డీఎన్‌ఏను వేరుచేసి, డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని ప్రతులు తీసే పీసీఆర్ యంత్రంలో, చొప్పించిన జన్యువు ఆనవాలును వెతుకుతారు. చాలా జన్యుమార్పిడి పంటల్లో చొప్పించిన జన్యువును పనిచేయించే 35ఎస్ అనే డీఎన్‌ఏ భాగం ఉంటుంది కనుక మొదట దాని కోసమే చూస్తారు. అయితే ఆ భాగం కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసుకున్నది. ఆవ మొక్కకు ఆ వైరస్ సహజంగా సోకినా పరీక్ష పాజిటివ్ చూపిస్తుంది. అందుకని వైరస్ ఉందో లేదో విడిగా చూసుకోకుండా నివేదిక రాసే విశ్లేషకుడు ఏ తప్పూ చేయని రైతును దోషిగా నిలబెడతాడు.

నా దృష్టిలో అసలు పనితనం యంత్రం దగ్గర కాదు, నమూనా తీయడంలో ఉంది. సరుకులో వెయ్యికి ఒక గింజ కలిసి ఉంటే, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవడానికి సుమారు 3,000 గింజలు పరీక్షించాలి. బస్తా పైనుంచి గుప్పెడు తీసి పంపితే ఆ నివేదికకు విలువ లేదు. విద్యార్థులతో ఒక ల్యాబ్‌కు వెళ్లినప్పుడు, గింజలు పొడి చేసే గదికీ పీసీఆర్ గదికీ మధ్య అక్కడివారు పొడి అంటుకుని రాకుండా కోటు, చెప్పులు మార్చుకోవడం చూశాను. గింజ లేకుండా నీళ్లు మాత్రమే పోసిన గొట్టంలోనూ జన్యువు సంకేతం వచ్చిందని, అంటే ఎక్కడో డీఎన్‌ఏ కలిసిపోయిందని, ఆ రోజు చేసిన పనంతా పారేసి, మొదటినుంచి మళ్లీ చేశారు. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉంటే ఈ రంగంలో నిలబడుతుంది.

చదువుకు రెండు దారులున్నాయి. ఒడిశా వారే కనుక భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్ష రాసి, బీఎస్సీ వ్యవసాయం, ఆపైన మొక్కల బయోటెక్నాలజీ చేయవచ్చు. అది కుదరకపోతే బరంపురం వైపు కళాశాలల్లో రసాయనశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉన్న బీఎస్సీ చేసి, జీవరసాయనశాస్త్రంలో గానీ సూక్ష్మజీవశాస్త్రంలో గానీ పీజీ చేయించండి. డిగ్రీకే బయోటెక్నాలజీ అన్న పేరు చూసి అధిక ఫీజు కట్టవద్దని నా గట్టి సలహా. పీజీ తరువాత మూడేళ్లు ఆహార విశ్లేషణలో అనుభవం ఉంటే, ఆహార భద్రత సంస్థ నిర్వహించే ఫుడ్ అనలిస్ట్ పరీక్షకు కూర్చోవచ్చు.

బతుకుతెరువు గురించి దాచకుండా చెబుతాను. ఒక్క జన్యుమార్పిడి పరీక్షల మీదే నడిచే ల్యాబ్‌లు తక్కువ, పైగా అవి పెద్ద నగరాల్లో, రేవు పట్టణాల్లో ఉంటాయి. గుణుపురంలో కూర్చుని చేసే ఉద్యోగం కాదు. అయితే పీసీఆర్ చేతికి వచ్చిన మనిషికి విత్తన కంపెనీల్లోనూ, ఆహార పరీక్ష కేంద్రాల్లోనూ, రోగనిర్ధారణ ల్యాబ్‌లలోనూ చోటు దొరుకుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పొలంలో పత్తి తెలిసిన పిల్ల విత్తన నమూనాల కోసం పల్లెలకు వెళ్లినప్పుడు రైతు తలుపు తీసి మాట్లాడతాడు, అది చిన్న విషయం కాదు.

కళాశాలలో చేర్చే ముందు మీరే వెళ్లి, పీసీఆర్ యంత్రాన్ని విద్యార్థులే నడుపుతారా, లేక అద్దం వెనుక నుంచి చూపించి పంపేస్తారా అని చివరి ఏడాది పిల్లలను అడగండి.