ఇల్లూ జాగా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: విశాఖ మధురవాడలో మాది 200 గజాల మూల సైటు. ఎనిమిదేళ్ల కిందట ఇల్లు కట్టుకున్నాం. తూర్పు పక్క ఖాళీ స్థలం ఈమధ్య చేతులు మారింది. కొన్నాయన ప్రహరీకి పునాది తవ్విస్తున్నారు. సరిగ్గా హద్దు మీదే గోడ లేపుతారట, “ఇద్దరికీ పనికొచ్చేదే కదా, సగం ఖర్చు మీరివ్వండి” అంటున్నారు. ఎత్తు ఎనిమిది అడుగులట. మా వంటింటి కిటికీకి గాలి రాదు. ఆపించొచ్చా? రోడ్డు వైపు మా గోడ కూడా పెంచుకుందామని ఉంది. దానికి రూలేమిటి?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అమ్మా, కిటికీ సంగతి తర్వాత. ముందు ఆ గొయ్యి దగ్గరికెళ్లి చూడండి. తొమ్మిదంగుళాల గోడకి అడుగున రెండడుగుల వెడల్పు కాంక్రీటు పోశారనుకోండి. గోడ నడిమి గీత హద్దు మీదుంటే పైన మీ వైపు వచ్చేది నాలుగున్నర అంగుళాలే, కింద మాత్రం అడుగు. మట్టి కప్పేశాక ఆ అడుగు ఎవరికీ గుర్తుండదు. మీరెప్పుడో సంపు తవ్విస్తే గునపానికి తగులుతుంది.

ఉమ్మడి గోడ తప్పేం కాదు, ఇద్దరికీ ఇష్టమైతే. అప్పుడు ఖర్చెంత, రేపు పడిపోతే బాగుచేసేదెవరు అన్నది స్టాంపు పేపరు మీద రాసుకోండి. మీకిష్టం లేకపోతే గోడా, దాని పునాదీ మొత్తం ఆయన జాగాలోనే ఉండాలి. సగం ఇచ్చి తీరాలన్న రూలేదీ లేదు.

ఇక హద్దు. ప్రొక్లెయినరు ఒకసారి తిరిగిన లేఅవుట్లో హద్దురాళ్లను నేను నమ్మను. దస్తావేజు చివర షెడ్యూల్లో నాలుగు వైపులా హద్దులు, కొలతలు ఉంటాయి. మీ రోడ్డు అంచు నుంచి టేపు పట్టి, మేస్త్రి చేత దారం కట్టించి, ఇద్దరూ నిలబడి చూసుకోండి. విస్తీర్ణానికీ హద్దులకీ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. మాట కుదరకపోతే మీసేవలో, హద్దు కొలిచి చూపమని ఎఫ్-లైన్‌కి దరఖాస్తు పెట్టండి, మండల సర్వేయరు వస్తారు. అయితే ఆయన చూపించేది సర్వే నంబరు గీత. ఆ నంబరులో మీ ప్లాటు ఎక్కడుందో చెప్పేది లేఅవుట్ ప్లానే. అందుకని ఆమోదం పొందిన ప్లాను కాపీ చేతిలో పెట్టుకోండి. పాతదైతే విశాఖ నగరాభివృద్ధి సంస్థ వుడా పేరుతో ఉంటుంది, 2018లో అదే వీఎంఆర్‌డీఏ అయింది.

విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీకి ఫిర్యాదు చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ప్లాను, ఎత్తు లాంటివైతే మీ సచివాలయంలో వార్డు ప్లానింగ్ సెక్రటరీకి చెప్పొచ్చు. జాగా ఎవరిదన్నది వాళ్లు తేల్చరు, అది సివిల్ కోర్టు పని. అక్కడ పని ఆపమనే ఉత్తర్వు (ఇంజంక్షన్) అడిగితే, అవసరమనుకుంటే కోర్టు తన తరఫున ఒక లాయర్ని అడ్వొకేట్ కమిషనర్‌గా వేసి కొలిపిస్తుంది. వెళ్లేదేదో గోడ లేవకముందే వెళ్లండి. కట్టేసిన గోడ కూల్చమని అడగడం వేరే యుద్ధం.

గాలి విషయంలో మీకు బలం తక్కువ. పక్కవాళ్ల జాగా మీద మనకుండే అనుభవ హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం గాలీ వెలుతురూ అడ్డం లేకుండా 20 ఏళ్లు అనుభవిస్తేనే హక్కు. మీకు ఎనిమిదే అయ్యాయి. కాబట్టి ఎత్తు మీద మాట్లాడండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రహరీకి చెప్పే ఎత్తు 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు. పై 0.9 మీటరు గ్రిల్లులా గాలాడేదైతే 2.4 మీటర్ల దాకా ఒప్పుకోవచ్చు. ఆయన ఎనిమిది అడుగులు ఇంచుమించు ఇక్కడికే వస్తాయి. పై మూడడుగులూ గ్రిల్లు పెట్టమనండి, మీ కిటికీకీ గాలొస్తుంది.

మీ గోడకీ ఇదే లెక్క. ఎత్తు కొలిచేది రోడ్డు నడిమి నుంచి, మీ పెరట్లోంచి కాదు. మూల సైటు కాబట్టి ఇంకోటి: రోడ్లు కలిసే చోటు నుంచి రెండు వైపులా 10 మీటర్ల మేర గట్టి గోడ 0.75 మీటరు దాటకూడదు, ఆపైన కావాలంటే గ్రిల్లే. మలుపు తిరిగే స్కూటరువాడికి అటు వచ్చే ఆటో కనపడాలి కదా! మూలని ఏటవాలుగా కోసి రోడ్డుకి వదిలే జాగా (స్ప్లే కోత) మీ ప్లానులో చూపించి ఉంటే అక్కడ అసలేమీ కట్టొద్దు.

మీరు రాయలేదు గానీ, మధురవాడ అంటే వాలు నేల. ఆయన మట్టి పోసి మెరక చేస్తుంటే అది ప్రహరీ కాదు, మట్టిని ఆపే గోడ. దానికి ఇంజనీరు డిజైను, నీళ్లు పోయే బెజ్జాలు ఉండాలి. 2025 ఏప్రిల్ 30న చందనోత్సవం నాడు సింహాచలంలో వానకి గోడ కూలి భక్తులు చనిపోయారు, అది మర్చిపోయేది కాదు. ఆ బెజ్జాల నీళ్లు మీ పెరట్లోకే వస్తాయి. ఆయన వైపే కాలువ తీసి వీధి డ్రెయిన్లోకి వదలమని ఇప్పుడే అడగండి.

ప్రశ్న: పక్కింటి మునగ చెట్టు కొమ్మలు మా గోడ మీదుగా వంగాయి. బొంతపురుగులతో చస్తున్నాం. కొట్టేయొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: మీ హద్దులోకి వచ్చినంత మేర కొట్టుకోవచ్చు. ఆ పక్కకి దిగి కొట్టకూడదు, మొదలు జోలికీ పోకూడదు. ముందు వాళ్లకి ఒకమాట చెప్పండి. కొమ్మకున్న కాయలు చెట్టుగలవాళ్లవే, కోసి ఇచ్చేయండి.