పాఠకుల ప్రశ్నలు: తన మీద తానే నిఘా పెట్టుకొన్న కళాకారుడు

గత సంచికలో నిఘాకూ కళకూ ఉన్న సంబంధం గురించి వచ్చిన వ్యాసంలో అమెరికా కళాకారుడు హసన్ ఎలాహి ప్రస్తావన చూసి ఇద్దరు పాఠకులు రాసిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: నేను బి.ఎఫ్.ఎ. చదువుతున్నాను. డేటాతో కళ అంటే పెద్ద తెరల మీద రంగురంగుల గ్రాఫులు కదలడమే అనుకొనేదాన్ని. ఎలాహి చేసింది అలాంటిది కాదని మీ వ్యాసంలో రాశారు. మరి ఆయన చేసిందేమిటి? దాని మీద ఒక వృత్తి జీవితం ఎలా నిలబడింది?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: గ్రాఫులను అందంగా కదిలించడానికి నైపుణ్యం కావాలి, కాదనను. అయితే కాన్సెప్చువల్ కళలో, అంటే చేసిన వస్తువు కంటే దాని వెనుక ఆలోచనే ముఖ్యమైన కళలో, ముందు చూడవలసింది, ఏ సమాచారాన్ని, ఎవరి కోసం, ఏ నియమం ప్రకారం పోగుచేయాలని కళాకారుడు నిర్ణయించుకొన్నాడన్నది. ఎలాహి విషయంలో ఆ నిర్ణయానికి బీజం ఒక విమానాశ్రయంలో పడింది.

ఆయన 1972లో బంగ్లాదేశ్‌లోని రంగపూర్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన అమెరికా పౌరుడు. 2002 జూన్‌లో విదేశం నుంచి తిరిగి వస్తూ డెట్రాయిట్‌లో దిగగానే అధికారులు పక్కకు తీసుకుపోయారు. ఫ్లోరిడాలోని టాంపాలో ఒక అద్దె గోదాములో పేలుడు పదార్థాలు దాచి, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పరారైన అరబ్బు ఈయనేనని ఎవరో పోలీసులకు చెప్పారట. ఆయన అరబ్బూ కాదు, గోదాములో ఉన్నవి పేలుడు పదార్థాలూ కావు. 2001 సెప్టెంబర్ 12న ఎక్కడున్నారని అడిగిన ఎఫ్.బి.ఐ. (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) అధికారికి ఆయన జేబులోని ఎలక్ట్రానిక్ డైరీ తీసి చదివి వినిపించారు: 10 గంటలకు గోదాము అద్దె చెల్లింపు, 10.30 నుంచి ఒక విద్యార్థినితో సమావేశం, 12 నుంచి 3 వరకు ఒక క్లాసు, 3 నుంచి 6 వరకు ఇంకో క్లాసు. ఆ చిట్టాయే ఆయన మొదటి కళాఖండమని నేనంటాను, ఆ సంగతి అప్పటికి ఆయనకే తెలియకపోయినా.

తర్వాత కొన్ని నెలల పాటు విచారణ సాగింది. చివర్లో వరసగా పాలిగ్రాఫ్ (అబద్ధాలను పసిగట్టే యంత్రం) పరీక్షలు పెట్టి, మీ మీద అనుమానమేమీ లేదు వెళ్లవచ్చన్నారు. ఆ మాట కాగితం మీద రాసిమ్మంటే, అసలు అభియోగమే మోపనప్పుడు నిర్దోషి అని రాసివ్వడం కుదరదన్నారు. రేపు మరో విమానాశ్రయంలో మరో అధికారి ఆపితే ఏం చూపించాలి? అందుకని ప్రయాణానికి ముందు ప్రతిసారీ ఎఫ్.బి.ఐ. ఏజెంటుకు తానే ఫోను చేసి ఎక్కడికి వెళుతున్నదీ చెప్పడం మొదలుపెట్టారు. ఫోన్లు పోయి ఈమెయిళ్లు వచ్చాయి, ఈమెయిళ్లకు ఫొటోలు తోడయ్యాయి, చివరికి అదంతా ‘ట్రాకింగ్ ట్రాన్సియెన్స్’ అన్న వెబ్‌సైటుగా మారింది.

అందులో ఏముంటాయో కాస్త దగ్గరగా చూడండి. ఆయన ఏ క్షణాన ఎక్కడున్నారో చూపే ఎర్ర గుర్తు, పుట్టినప్పటి నుంచి ఎక్కిన విమానాల జాబితా, విమానంలో పెట్టిన భోజనం, ఆ భోజనంతో ఇచ్చిన చాకు, పడుకొన్న హోటల్ మంచం, ఖాళీ రైల్వే స్టేషన్, మెక్సికో సిటీలో మూడు రోజుల పాటు తిన్న టాకోలు, వాడిన మరుగుదొడ్లు. 2011 నాటికే ఈ ఫొటోలు 46 వేలకు చేరాయి. మనుషులు మాత్రం వాటిలో దాదాపుగా కనబడరు. ఎవరితో తిన్నారు, ఏం మాట్లాడుకొన్నారు, ఎందుకు వెళ్లారు అన్న ప్రశ్నలకు అక్కడ జవాబు దొరకదు. పైగా వెబ్‌సైటును కావాలనే చూసేవారికి చిక్కులు పెట్టేలా అమర్చారు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా ముంచెత్తిన రోజున ధర ఏమవుతుందో మనకు తెలుసు. గూఢచారి సమాచారానికి విలువ అది ఇతరులకు దొరకకపోవడం వల్లే వస్తుంది గనుక, తన గురించిన సమాచారాన్ని కుప్పలుగా పోసి ఆ విలువను పడగొట్టాలన్నది ఎలాహి ఎత్తుగడ. వెబ్‌సైటును ఎవరెవరు చూశారో నమోదయ్యే సర్వర్ లాగ్‌లలో అమెరికా అంతర్గత భద్రత చూసే హోంలాండ్ సెక్యూరిటీ వంటి ప్రభుత్వ విభాగాల కంప్యూటర్ల జాడలు కనిపించాయని ఆయనే చెప్పారు. నన్నడిగితే ఆ లాగ్‌లు కూడా ఈ కళాఖండంలో భాగమే, ఎందుకంటే చూస్తున్నవారు కూడా అక్కడ నమోదవుతున్నారు.

ఇది ఒక్కసారిగా ఆకాశం నుంచి ఊడిపడిన పద్ధతి కాదు. జపాన్‌కు చెందిన కళాకారుడు ఆన్ కవారా 1968 నుంచి ఏళ్ల తరబడి తాను నిద్రలేచిన సమయాన్ని ముద్ర వేసి పోస్టుకార్డులు పంపారు. జర్మనీలో పుట్టిన కళాకారుడు హాన్స్ హాకె 1971లో న్యూయార్క్‌లోని ఒక ఇళ్ల యజమాని ఆస్తుల వివరాలను ప్రభుత్వ రికార్డుల నుంచే సేకరించి, 142 భవనాల ఫొటోలతో సిద్ధం చేస్తే గుగన్‌హైమ్ మ్యూజియం ఆ ప్రదర్శననే రద్దు చేసింది. ఎలాహిని ఈ ఇద్దరితో కలిపి చదవండి.

ఇక వృత్తి సంగతి. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే కళాకేంద్రంలో, సండాన్స్ చలనచిత్రోత్సవంలో, వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో ఆయన పని ప్రదర్శించారు. 2014 నాటి ‘థౌజండ్ లిటిల్ బ్రదర్స్’లో దాదాపు 32 వేల ఫొటోలను పేర్చి, వాటి మీద ఒకప్పుడు దూరదర్శన్‌లో కార్యక్రమాలు మొదలయ్యే ముందు కనిపించిన రంగుల పట్టీల వంటివి పరిచారు. అయినా ఇలాంటి పనికి గ్యాలరీ అమ్మకాలే ఆధారం కాలేవు. ఆయన మేరీలాండ్ విశ్వవిద్యాలయంలోనూ మరికొన్ని చోట్లా పాఠాలు చెబుతూనే ఇదంతా చేశారు. తర్వాత డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో డీన్ అయ్యారు. ఒకప్పుడు ఆయన్ను ఆపిన ఊరు అదే.

ప్రశ్న: మా అబ్బాయి ఎం.ఎస్. కోసం అమెరికా వీసాకు దరఖాస్తు చేస్తున్నాడు. సోషల్ మీడియా ఖాతాలన్నీ చూపించమంటున్నారు. ఎలాహి ఇష్టపడి చేసిందీ, మా వాడు చేయక తప్పనిదీ ఒకటేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఒకటి కాదు. 2019 నుంచి వీసా దరఖాస్తులో గత 5 ఏళ్లలో వాడిన ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా కోరేవారు వాటిని అందరికీ కనబడేలా ఉంచాలంటున్నారు. ఏది చూపాలో, ఏది వదిలేయాలో ఎలాహి తానే ఎంచుకొన్నారు. ఆయనకు పౌరసత్వం ఉంది, ఉద్యోగం ఉంది. మీ అబ్బాయికి ఆ రెండూ అక్కడ లేవు. మరో మాట కూడా చెప్పాలి. కుప్పపోస్తే విలువ పడిపోతుందన్న ఎలాహి వాదన, ఫొటోలను మనిషి కూర్చొని ఒక్కొక్కటిగా చూడవలసిన రోజుల్లో బలంగా ఉండేది. ఇప్పుడు ఆ కుప్పను యంత్రాలు క్షణాల్లో జల్లెడ పడుతున్నాయి కనుక ఆ వాదన చాలావరకు సడలిందని నా అభిప్రాయం. కాబట్టి దరఖాస్తులో ఖాతాల పేర్లు ఒక్కటీ వదలకుండా ఉన్నవి ఉన్నట్టు రాయించండి, దాచినట్టు తేలితే వీసా నిరాకరించవచ్చు. ఎలాహిని చూసి ఖాతాను భోజనాల ఫొటోలతో నింపనవసరం మాత్రం లేదు.