అమెరికాలో ఉంటున్న మేము భారతదేశంలోని లాభాపేక్ష లేని వార్తా సంస్థలకు విరాళం పంపవచ్చా?

ఇది మీరు ఎక్కడ ఉంటున్నారన్న దానిపై కాక, మీకు ఏ దేశపు పాస్‌పోర్టు ఉందన్న దానిపై ఆధారపడుతుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, భారత పౌరులు విదేశాల్లో సంపాదించిన సొంత డబ్బును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా, విదేశీయుల కిందికే వస్తారు. రిజిస్టరైన పత్రికల యజమానులు, సంపాదకులు, విలేకరులు విదేశీ విరాళం తీసుకోవడాన్ని ఆ చట్టంలోని 3వ సెక్షన్ నిషేధించింది. అందుకే మీది భారత పాస్‌పోర్టు అయితే దాని నకలు జతచేసి విరాళం పంపండి, రసీదు తప్పక తీసుకోండి.

ఉదాహరణకు, పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన ‘పారీ’ (పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా) వెబ్‌సైటు పల్లె బతుకుల కథనాలను తెలుగులోనూ ఉచితంగా అందిస్తోంది. ఇలాంటి పనికి, ఒకేసారి పెద్ద మొత్తం కంటే నెలనెలా కొంత ఇవ్వడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే విలేకరి జీతమూ, ఊరూరా తిరిగే బస్సు చార్జీలూ ప్రతి నెలా ఉండేవే.