విశ్వాసి సంపాదించవచ్చా? పోయాక వెనక ఏం మిగలాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఉద్యోగంలో పైకొస్తున్నారు. ఒక బోధకుడు అదంతా ఆశీర్వాదం అంటున్నారు, ఇంకొకరు లోకాశ అంటున్నారు. రేపు మీరు పోయాక విశ్వాసిగా మీ వెనక మిగలాల్సింది ఏమిటి?

మాది గుంటూరు, లూథరన్ సంఘం. మా నాన్న మిర్చి యార్డులో కమిషన్ ఏజెంటు. బాగానే సంపాదించారు, అందుకు ఏనాడూ సిగ్గుపడలేదు. పడాల్సిన పనీ లేదు. ధనాపేక్షే కీడులకు మూలమని పౌలు తిమోతికి రాసిన అధ్యాయంలోనే ధనవంతులకూ నాలుగు మాటలున్నాయి. అన్నీ వదిలేయమని కాదు. గర్వపడొద్దు, నిలకడలేని డబ్బును నమ్ముకోవద్దు, ధారాళంగా ఇవ్వండి అని. ఫిలిప్పీలో ఆయన బసచేసింది కూడా ఊదారంగు పొడి అమ్ముకునే లూదియ ఇంట్లోనే.

అయితే సాక్ష్యాలంటే ప్రమోషన్, వీసా, ఫ్లాటు అన్నట్టు అయిపోవడం చూస్తే నాకు బాధేస్తుంది. వీసా రానివాడూ అదే బల్ల మీద కూర్చుని వింటుంటాడు. అతని విశ్వాసానికి ఏం తక్కువైంది?

యార్డు సంగతి చెబుతాను. మాచర్ల వైపు నుంచి రైతు రాత్రంతా సరుకు మీదే కూర్చుని వస్తాడు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, కాటా ఎక్కిందంటే ఇక అతని చూపు ఆ అంకె మీదే. తేమ ఉందని, తాలు కలిసిందని, మట్టి ఉందని టిక్కీకి ఇంత తరుగు తీసేస్తుంటారు. పోయిన ప్రతి కిలో అతని కష్టం. నాన్న తరుగు తీయనిచ్చేవారు కాదు. గుమాస్తా చేత అంకె పైకి చదివించి, తక్‌పట్టీలో, అంటే రైతుకిచ్చే లెక్క చీటీలో, అదే అంకె వేయించి రైతు చేతికిచ్చేవారు. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అన్న సామెతల వాక్యం ఇంటి ప్రార్థనలో ఎన్నోసార్లు చదివారు గానీ కొట్లో మాత్రం ఎవరికీ ప్రసంగం చేయలేదు. ఇందువల్ల కొందరు కొనుగోలుదార్లు మా కొట్టుకు రావడం మానేశారు. అమ్మ గాజులు బ్యాంకులో కుదువపెట్టిన సీజన్లూ ఉన్నాయి.

నాన్న పోయి చాలా ఏళ్లయింది, కొట్టు అన్నయ్య చూస్తున్నాడు. పాత రైతులు ఇప్పటికీ సరుకు దించేసి టీకి వెళ్లిపోతారు, కాటా దగ్గర నిలబడరు. వాళ్ల కొడుకులూ అంతే. “మీ కాడ చూసుకునేదేముంది అబ్బాయ్” అంటారు. వాళ్లలో చాలామంది మా చర్చి గుమ్మం తొక్కినవాళ్లు కారు. మీ నాన్న ఏం మిగిల్చారని ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే. అన్నయ్యకు అది ఆస్తీ, బరువూ కూడా.

మా ఊళ్లోనే ఇంతకంటే పెద్ద ఉదాహరణ డాక్టర్ అన్నా కుగ్లర్ గారు. అమెరికాలో వైద్యం చదివి 1883లో గుంటూరు వచ్చారు. పంపిన సంఘం అప్పటికి వైద్యసేవకు సిద్ధంగా లేదు. ఆడవాళ్లకు చదువు చెప్పే పని అప్పగించింది. ఆమె వైద్యం మానలేదు. 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. పతకం మాట ఇక్కడెవరూ ఎత్తగా నేను వినలేదు. “కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టాను” అనేవాళ్లు మాత్రం పాత కుటుంబాల్లో ఎందరో. మా నాయనమ్మ వాళ్లలో ఒకరు.

చర్చి ఫ్యాన్ల మీద, బల్లల మీద ‘జ్ఞాపకార్థం’ అని పేర్లు రాయించడాన్ని నేను తప్పుపట్టను. ఆ గాలి ఎవరికో తగులుతుంది కదా. అంతటితో బాధ్యత తీరిందనుకుంటేనే ఇబ్బంది.

ఇక పిల్లలకిచ్చే ఆస్తి. లూకా 12లో వెర్రి ధనవంతుడి ఉపమానం ఎక్కడ మొదలైందో చూడండి. తండ్రి ఆస్తిలో నా పాలు పంచమని మా అన్నకు చెప్పండి అంటూ ఒకడు యేసు దగ్గరకు వచ్చాడు. అలాంటి తగాదాలు ప్రార్థనాపరుల ఇళ్లలోనూ చూశాను, భూస్థాపన అయి నెల తిరక్కుండానే. వీలునామా అనగానే మనవాళ్లు అదేదో కీడు మాటలా ముఖం తిప్పుకుంటారు. అది లేకపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం, పిల్లలున్న క్రైస్తవుడి ఆస్తిలో భార్యకు మూడోవంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళ్తుంది. ఇల్లు మీ ఆవిడ పేరనే ఉండాలన్నా, ఎవరి చదువుకైనా కొంత ఇవ్వాలన్నా రాసిపెట్టాల్సిందే. ఇద్దరు సాక్షులు కావాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించడం మంచిది. రాశాక పిల్లలందరినీ కూర్చోబెట్టి, అప్పులతో సహా చదివి వినిపించండి. నాన్న అలాగే చేశారు. మా ముగ్గురి మధ్య ఇంతవరకు ఆస్తి దగ్గర మాట తేడా రాలేదు.