బడి వయసు ఏ ఏడు నుంచి లెక్కపెట్టాలి?

"మా బరంపురంలో బడి పాతదే, మరి 'ఇప్పటి చోటికి వచ్చి ఇన్నేళ్లు' అని వేరే వేడుక ఎందుకు?" అన్నది ప్రశ్న.

బడి పుట్టిన ఏడు వేరు, ఈ స్థలానికి మారిన ఏడు వేరు. రెండూ పండగలే. గోడలో శంకుస్థాపన రాయి ఉంటే, సున్నం పూతలో పూడిన అక్షరాలు తడిగుడ్డతో తుడిచి చదవండి. ఆ సంవత్సరం కట్టడానిది, బడిది కాదు. బడి వయసు పాత అడ్మిషన్ రిజిస్టర్లలో దొరకాలి.

బరంపురంలోని మన కళ్లికోట కాలేజీనే చూడండి. 1856లో బడిగా మొదలై, 1878లో కాలేజీ అయింది. కళ్లికోట రాజావారి విరాళంతో 1893లో ఆ పేరొచ్చింది. నా మట్టుకు 1856నే లెక్క. అప్పటికి బరంపురం ఉన్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, ఒడిశాలో కలిసింది 1936లో. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి గారు చదివింది అక్కడే.